మామ లొట్లు కడిగిన రోజు

ఆ రోజు పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది. వాన పడలేదు, ఆకు కదలలేదు. చర్లలో ఒక వైన్ షాపు తెరవగానే లోపలికి పోయి ఫ్రిజ్ సర్దుతున్నాను. మా కంపెనీ సీసాలు కంటి ఎత్తు అరలో ఉండాలి. సీసా మీది బొమ్మ కొనేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి. వారానికొకసారి షాపు షాపుకూ పోయి వాటిని అలా తిప్పి పెట్టడం నా పనుల్లో ఒకటి. సగం తిప్పాక ఫోన్ మోగింది. మామ పోయాడని నా భార్య చెప్పింది. పొద్దుటినుంచి చేస్తున్నానని, సిగ్నల్ ఇప్పుడే దొరికిందని అంది. ఇంకా నాలుగు సీసాలు మిగిలాయి. వాటిని కూడా తిప్పి, ఫ్రిజ్ తలుపు మూసి, బండి తీశాను.

ఆ సీసాల మీద ఉన్న బొమ్మ మామదే. తలకు తువ్వాల, నడుముకు చెట్టెక్కే మోకు, చేతిలో కల్లు పట్టే మట్టికుండ, లొట్టి. తలుపు మూసేటప్పుడు చూశాను. ఫ్రిజ్ లైటు వెలుగులో అర పొడవునా ఆయనే నిలబడి ఉన్నాడు.

చెట్టు మీంచి పడ్డాడా అని దారిలో కనబడ్డ వాళ్ళంతా అడిగారు. కల్లు గీసేవాళ్ళు పోయారంటే అందరికీ వచ్చే ఆలోచన అదే. మామ పడలేదు. నలభై ఏళ్ళకు పైగా తాటిచెట్లు ఎక్కి దిగినవాడు, నేల మీద కూర్చునే పోయాడు.

వరసకే మామ. మా ఇంటి వెనక ఆయన ఇల్లు, ఆయన ఇంటి వెనక వాగు, వాగు దాటితే ఆయన చెట్లు. ఆ చెట్ల వెనక అడవి. చెట్ల కింద తాగేవాళ్ళు కూర్చునే జాగాను మేం మండువ అంటాం. పొద్దు పొడవకముందే చెట్లెక్కి, పొద్దు పొడిచేసరికి లొట్లు దించి, పనులకు పోయేవాళ్ళకు తాటాకు రేకల్లో పోసేవాడు. మండువలోకి అడుగుపెట్టే ముందు ఒకసారి దగ్గేవాడు. ఎవరింట్లోకైనా పోయేముందు మనం దగ్గినట్టు. అక్కడ ఎవరూ లేనప్పుడు కూడా దగ్గేవాడు.

నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను క్రాఫ్ట్ బీరు కంపెనీలో చేస్తాను. మొదట హైదరాబాదులో ఒక చిన్న షెడ్డులో నలుగురు కలిసి కాచేవాళ్ళట. నేను చేరేనాటికి అది పెద్ద ఫ్యాక్టరీ. మూడంతస్తుల ఎత్తు ట్యాంకులు, లారీలు. అయినా సీసా చూస్తే ఎవరో తమ పెరట్లో చేత్తో కాచినట్టే ఉండాలి. మాతో పోటీ పడే కంపెనీలదీ అదే దారి. ఒకరి సీసా మీద పులి, ఒకరి దాని మీద కొండ, ఒకరి దాని మీద ఎద్దు. అందరూ పెద్దవాళ్ళే. అందరూ చిన్నవాళ్ళలా కనబడాలని చూస్తారు. తాగేవాళ్ళు మాత్రం ఆ ఉన్నవాళ్ళే. మేం షాపుకు ఉచితంగా ఫ్రిజ్ ఇస్తే పక్క కంపెనీ అంతకంటే పెద్దది తెచ్చి పెడుతుంది. మేం గ్లాసులిస్తే వాళ్ళు కుర్చీలిస్తారు. షాపు ఓనరు అన్నీ తీసుకుని ఎవరి సీసా అడిగితే వాళ్ళది ఇస్తాడు.

చేరిన కొత్తలో నా సీసాలు ఎక్కడా కదల్లేదు. తీసేస్తారనుకున్నాను. అప్పుడు మామ దగ్గర కూర్చుని చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

"సీస సూపెట్టుకుంట తిరుగుతున్నవ్ గదా, తాగెటోడు యాడ కూసోవాలె? ముందుగాల ఆనికి జాగ సూపెట్టు. జాగ నచ్చితే ఏం పోసినా తాగుతడు."

షాపుల వెనక పర్మిట్ రూముల్లో గోడవార చల్లని చోట్లు వెతికి బల్లలు వేయించాను. మూడు నెలల్లో కంపెనీ నాకు అప్పగించిన రోడ్డులో అమ్మకం లేచింది. ఆ ఉద్యోగం నిలబడింది ఆ ఒక్క మాటతో. ఇంకో సంగతి కూడా ఆయనకు నేను రుణపడి ఉన్నాను. వాగు పొంగిన ఏడు నా బిడ్డకు జ్వరం ముదిరితే మోకును అటు చెట్టుకూ ఇటు చెట్టుకూ కట్టి, బిడ్డను వీపున వేసుకుని దాటించి, దవాఖానాకు చేర్చాడు. తర్వాత నేను చేతులు పట్టుకుంటే "తడిసిన మోకు ఆరబెట్టాలె, ఇడువు" అన్నాడు.

ఖమ్మం ఆఫీసులో మా సారు మీటింగు పెట్టినప్పుడల్లా ఒకటే చెప్పేవారు. "మనకో ఊరు కావాలయ్యా. ఈ రుచి ఫలానా చోటిదని సీసా మీద చెప్పుకోవాలి. లేకపోతే ఇంతమందిలో మనమెవరో ఎవడికి తెలుస్తుంది?" అని. మా అందరికీ ఫారాలు ఇచ్చారు. మన రోడ్డులో జనం ఎక్కడ కూర్చుని తాగుతారు, ఏం తాగుతారు, రోజుకు ఎంతమంది వస్తారు అని అందులో గళ్ళు.

ఫారం పట్టుకుని ఒక పొద్దున మామ మండువకు పోయాను.

"రోజుకు ఎంతమంది వస్తరు మామా?"

"ఇరవై రెండు మంది."

నేను చుట్టూ చూసి లెక్కపెట్టాను. "పద్నాలుగు మందే ఉన్నరు గదా."

"నువ్వు కనబడెటోళ్ళనే లెక్క పెడుతున్నవ్ అల్లుడా."

అప్పుడు చూశాను. రేకలు ఇరవై రెండు ఉన్నాయి. మనుషులు లేని చోట కూడా నేల మీద రాయి ఆనించి రేక నిలబెట్టి ఉంది, నిండుగా. తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద సాక పోయడం మా దగ్గర అందరూ చేసేదే. మామ చుక్కలతో ఆపలేదు. పోయినవాళ్ళకు వాళ్ళు కూర్చున్న చోటే పూర్తి రేక పోసేవాడు.

"గా రాయి కాడ మా బావ. గా మొద్దు కాడ మేకలాయన. ఆయన పక్కన ఆయన తమ్ముడు. ఇద్దరికి మాటల్లేవు, అయినా పక్కపక్కనే కూసుంటరు" అన్నాడు.

"సచ్చినోళ్ళు కూడ గిరాకేనా మామా?"

"లొల్లి పెట్టరు. పొద్దెక్కిందని ఉరకరు. గంతకన్న మంచి గిరాకి నీ కంపెనీకి ఉన్నదా?"

కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ లేచిపోయేసరికి ఆ ఎనిమిది రేకలూ ఖాళీగా ఉన్నాయి. ఆకు కారుతుంది, చీమలు ఉంటాయి అనుకున్నాను. దగ్గరికి పోయి చూడలేదు.

ఫారంలో ఇరవై రెండని రాశాను. ఆయన చెప్పిందే రాశానని అప్పుడు అనుకున్నాను. పద్నాలుగని రాసి ఉంటే పక్క ఊరి మండువ పెద్దదయ్యేది. సారు అక్కడికే పోయేవారు.

సారు వచ్చారు. ఆయనతో ఒక కెమెరా అతను, ఫ్యాక్టరీ ల్యాబులో చేసే ఒక అమ్మాయి. మామ లొట్టిని చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే ఆ అమ్మాయి ఏమిటని అడిగింది. మామ లొట్టి ఆమె చేతికిచ్చాడు. నాకూ ఇచ్చాడు. కల్లు పులిసేటప్పుడు చేసే చప్పుడు అది. అది తెలిసి కూడా నాకు దూరంగా ఎక్కడో జనం కూడి మాట్లాడుకుంటున్నట్టే వినబడింది. మాటలు తెలియవు. గొంతులు వేరు వేరని తెలుస్తుంది.

"ఇంత బాగా దేనివల్ల పులుస్తుంది?" అని ఆమె అడిగింది.

"అడుగున మడ్డి ఉంటది బిడ్డా. అది మా నాయిన నాటి సంది ఉన్నది. లొట్టి పలిగితే పాత లొట్టి మడ్డి కొత్త లొట్ల వోస్తం. కల్లు చెట్టు ఇస్తది. తాగెటట్టు చేసేది అది."

ఆమె మూడు గాజు గొట్టాల్లో ఆ మడ్డి తీసి మూతలు బిగించి ఐసు డబ్బాలో పెట్టుకుంది. కెమెరా అతను లొట్లు మరీ నల్లగా ఉన్నాయి, వీడియోలో మురికిగా కనబడతాయి అన్నాడు. సారు నా వైపు చూశారు. నేను మామ వైపు చూశాను.

"కడుగుండ్రి. సుట్టాలొచ్చినప్పుడు గిన్నెలు తోమమా?" అని మామ చెట్టెక్కడానికి పోయాడు. ఆయన లోపల కూడా తోముతామని అనుకోలేదు. మామ లొట్లను పైన వాగు నీళ్ళతో తొలుస్తాడని, లోపల చెయ్యి పెట్టడని నాకు తెలుసు. మా ఊళ్ళో పుట్టినవాడికి ఎవడికైనా తెలుసు. సారు ముందు పని చురుగ్గా చెయ్యాలన్న ధ్యాసలో ఉన్నాను. ఆరు లొట్లూ వాగుకు తీసుకుపోయి, లోపలా బయటా సబ్బు పెట్టి, ఇసుకతో రుద్ది, వేడినీళ్ళు పోసి కడిగాను. నురుగు వాగులో చాలా దూరం పోయింది.

చెట్టు దిగి వచ్చి మామ ఒక లొట్టిలోకి చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండోది తీసుకుని విన్నాడు. ఆరూ విన్నాడు. తర్వాత కెమెరా అతను నిలబడమన్న చోట నిలబడ్డాడు. సీసా మీద ఉన్నది ఆ ఫోటోయే.

ఆ తర్వాత కల్లు పులవలేదు. పూర్తిగా పులవలేదని కాదు. మధ్యాహ్నానికి కొంచెం తిరిగేది. పొద్దున వచ్చేవాళ్ళకు తియ్యటి నీళ్ళే. "ఏంది మామా, బాలింతకు పోసేటట్టు పోస్తున్నవ్?" అని వెక్కిరించారు. వారం ఓపిక పట్టారు. ఇంకో ఊరి మడ్డి తెచ్చి పోశాడు, అది కుళ్ళు వాసన కొట్టింది. ఒకరొకరే రావడం మానేశారు. మామ మాత్రం రోజూ ఇరవై రెండు రేకలు పెట్టేవాడు. అప్పుడు అవన్నీ సాయంత్రం దాకా నిండుగానే ఉండేవని, తానే పారబోసేదాన్నని అత్త చెప్పింది.

ఎండాకాలం మొదట్లో మా కొత్త బీరు వచ్చింది. మామ బొమ్మతో. మా క్రాస్ రోడ్డు షాపులో మొదటి పెట్టె విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. మండువకు వచ్చే ముసలాయన ఒకడు గ్లాసులో పోసుకుని వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"గిది మన మండువ" అన్నాడు.

మిగతావాళ్ళు వచ్చి చూశారు. సిమెంటు గచ్చు మీద నాలుగు చుక్కలు పోసి తాగారు. వారం తిరిగేసరికి పద్నాలుగు మందీ ఆ పర్మిట్ రూములోనే. మండువలో ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళో ఇక్కడా అలాగే కూర్చున్నారు. మధ్యమధ్యలో కుర్చీలు వదిలేశారు. జాగా చాలడం లేదని ఓనరు ఆ ఖాళీ కుర్చీలు తీయబోతే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి "ఉండనియ్యి" అన్నాడు. నేను లెక్కపెట్టాను. ఎనిమిది.

ఆ రోడ్డు మీద మా బీరుకు ఎదురు లేకపోయింది. పులి సీసా, కొండ సీసా కింది అరకు దిగాయి. సీసాను కంటి ఎత్తులో పెట్టడం వల్లే ఈ ఫలితమని సారు మీటింగులో చెప్పి, నా చేత చప్పట్ల మధ్య నాలుగు మాటలు మాట్లాడించారు.

మామకు నేనే చెప్పాను. దాచడం బాగుండదనిపించింది. కుర్చీల సంగతీ చెప్పాను. ఆయన కత్తి నూరుతున్నాడు, ఆపలేదు.

"అవ్. ఆళ్ళు మడ్డిలనే ఉండేటోళ్ళు. నువ్వు కడిగినవ్, కొంతమంది వాగుల వోయిండ్రు. కొంతమందిని ఆ పిల్ల గొట్టాలల్ల తీస్కపోయింది. ఆళ్ళు యాడ ఉంటె ఈళ్ళు ఆడికే పోతరు. నీ తప్పు గాదు. కడుగుమన్నది నేనే."

కత్తి నూరడం అయ్యాక అడిగాడు. "ఆ గొట్టాలు మళ్ళ తెచ్చియ్యగలవా అల్లుడా? మూడు వద్దు. ఒక్కటి చాలు. మండువ మళ్ళ నిండుతె చాలు నాకు."

మామ నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే.

ల్యాబు అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె మంచిగానే మాట్లాడింది. గొట్టాలు ఎప్పుడో అయిపోయాయని, అందులోది పెంచి పెద్ద ట్యాంకులో కలిపారని, అక్కడినుంచి అన్ని ట్యాంకులకూ పోయిందని చెప్పింది. "ఇప్పుడు విడిగా తీయలేమండీ. అన్నిట్లోనూ ఉంది" అంది.

ఆ మాట మామకు చెప్పలేక ఒక సీసా పట్టుకుపోయాను. ఆయన సీసాను వెలుగుకు పెట్టి తన బొమ్మను చాలాసేపు చూశాడు.

"వీడు నాకన్న మంచిగున్నడు. దిగాలె, ఎక్కాలె అన్న రంది లేదు."

ఆ సాయంత్రం సీసాలోది ఆరు లొట్లకూ కొంచెం కొంచెం పంచి పోసి, చెట్లకు కట్టి వచ్చాడు. ఫ్యాక్టరీలో వడగట్టి నింపిన బీరులో ప్రాణమున్నదేదీ మిగలదు. నాకది తెలుసు. చెప్పలేదు. మర్నాడు పొద్దు పొడవకముందే నేను చర్లకు బయల్దేరాను. వాగు అవతల ఆయన దగ్గు వినిపించింది. మండువ లోపలినుంచి ఎవరో పలికినట్టు, ఆయన మళ్ళీ ఏదో అన్నట్టు అనిపించింది. బండి స్టార్టు చేశాను.

ఎనిమిదైనా అన్నానికి రాకపోతే అత్త వాగు దాటి పోయింది. చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. నేను వచ్చేసరికి ఇంటికి తెచ్చారు. అత్త నన్ను చూసి ఏడవలేదు. "ఎవరొచ్చిండ్రయ్యా పొద్దుగాల?" అని అడిగింది. షాపుకు పోయేవాళ్ళలో ఎవరూ రాలేదని తర్వాత అందరినీ అడిగి తెలుసుకున్నాను.

మండువకు ఒక్కణ్ణే పోయాను. ఆరు లొట్లు దించి, బోర్లించి ఉన్నాయి. రేకలు వరసగా ఉన్నాయి. ఈసారి దగ్గరికి పోయి ఒక్కొక్కటీ వంగి చూశాను. అన్నీ లోపల తడిగా ఉన్నాయి, ఒక్కదానిలో కూడా కల్లు లేదు. నేల పొడిగా ఉంది. చీమలు లేవు. లెక్కపెడితే ఇరవై మూడు వచ్చాయి. ఆ ఎక్కువైన రేక ఆయన ఆనుకున్న చెట్టు మొదట్లో ఉంది. మామ మండువలో ఎన్నడూ తాగి ఎరగడు.

మూడో రోజు ఆ చెట్ల కిందే పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, గుడ్లు విస్తట్లో పెట్టి, పక్క ఊరినుంచి తెచ్చిన కల్లు ఒక పక్క ఉంచాం. సారు పూలదండతో వచ్చి, ఒక సీసా మూత తీసి ఇంకో పక్క పెట్టారు. పద్నాలుగు మందీ వచ్చారు. కాకులు కూడా వచ్చాయి. అన్ని కాకులను ఒక్కచోట నేను చూడలేదు. తాటిమట్టల మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ దిగలేదు.

పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళ కోరిక ఏదో ఉన్నట్టు. అది తీరుస్తామని మాటిస్తే దిగి ముడుతుంది. అత్త చేతులు జోడించి అందరి వైపూ తిరిగింది.

"ఏం కోరికున్నదో, మాటియ్యుండ్రయ్యా."

ముసలాయన ముందుకు వచ్చాడు. "మామా, రేపటి సంది పొద్దుగాల ఈడికే వస్తం. కొత్త మనిషిని పెట్టి గీపిస్తం. ఆ షాపు మొకం సూడం. దిగు మామా."

తక్కినవాళ్ళు ఒక్కొక్కరే అదే మాట అన్నారు. కాకులు కదల్లేదు.

"నీకేమన్న ఎరుకనా కొడుకా? నీతోని ఏమన్న చెప్పుకున్నడా?" అని అత్త నన్ను అడిగింది.

నాకు ఎరుకే. గొట్టం తెచ్చిస్తానని అనాలి. అక్కడ అందరి ముందూ, ఆ కాకుల ముందూ, తేలేనిది తెస్తానని అనడానికి నోరు రాలేదు. లేదని తల ఊపాను.

సారుకు భద్రాచలంలో మీటింగు ఉంది. తొమ్మిదిన్నరకు వెళ్ళారు. షాపు పదింటికి తెరుస్తారు. పది దాటగానే ఇద్దరు లేచారు. పదిన్నరకు అయిదుగురు, పదకొండింటికి ముసలాయన తప్ప మిగతావాళ్ళు. ముసలాయన పదకొండుంబావుకు నా వైపు చూడకుండా లేచి, క్రాస్ రోడ్డు వైపే పోయాడు. పన్నెండున్నరకు అత్త కొంగు దులుపుకుని ఇంటికి పోయింది. కాకులు రెండుంబావు దాకా ఉన్నాయి. మెతుకు ముట్టకుండా, అన్నీ ఒక్కసారే లేచి, షాపున్న వైపు పోయాయి.